కుర్చీలో ఓనరు, స్టూలు మీద వర్కరు

“రెండొందల పదకొండు, రెండొందల పన్నెండు, రెండొందల పదమూడు...”

సెలూన్ ఆయన గుమ్మందాకా వచ్చి ఆగిపోయాడు. నోరు విప్పలేదు. వైండింగక్క పెదవులు కదులుతున్నంతసేపు ఆమెను పలకరించకూడదని ఆ వీధిలో అందరికీ తెలుసు. కాలిపోయిన ఫ్యాను చంకన పెట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చినవాడైనా సరే, ఆమె రాగితీగ చుట్లు లెక్కపెట్టడం పూర్తయ్యేదాకా బయట బల్ల మీద కూర్చోవలసిందే. ఒకసారి కొత్తగా వచ్చిన పోస్టుమేన్ సంగతి తెలియక “ఇది నూట నలభయ్యో నంబరేనా అమ్మా?” అని అడిగాడు. మూడొందల దగ్గర ఉన్న మనిషి కాస్తా నూట నలభై ఒకటి నుంచి అందుకుంది. అలా అదనంగా చుట్లు పడిన ఫ్యాను సెలూన్ ఆయనదే. అందరి ఫ్యాన్లూ గాలి కోసం తిరుగుతాయి, తనది మాత్రం మొహమాటానికి తిరుగుతుందని ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు.

ఆమెకు యాభై ఏడేళ్ళు. పొట్టి మనిషి. వార్నిష్ మరకలతో గట్టిపడిపోయిన ఏప్రను, ముక్కు చివర కళ్ళద్దాలు, చెవి వెనక పెన్సిలు. ఎడమచేత్తో చుట్టే మెషిను పిడి తిప్పుతుంది. కుడిచేతి వేళ్ళ మధ్య నుంచి రాగి తీగ జారుతూ వెళ్ళి చుట్టకు చుట్ట పేరుకుంటుంది. తీగ వెంట్రుకకన్నా కాస్త లావు, అంతే. బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే వదులవుతుంది. ఎంత పట్టు ఉండాలో చెప్పేవి వేళ్ళే. కళ్ళకు అందులో పెద్దగా పని లేదు.

“రెండొందల ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది...”

తీగ వేళ్ళ మధ్య ఉందనే అనుకుంది. చూస్తే లేదు. ఎప్పుడో తెగి ఒళ్ళో పడి ఉంది. మెషిను మాత్రం ఉత్తినే గిరగిరా తిరుగుతోంది. తెగాక ఎన్ని చుట్లు లెక్కపెట్టిందో ఆమెకే తెలియదు.

“అయిందా అక్కా?” అన్నాడు సెలూన్ ఆయన, పెదవులు ఆగడం చూసి.

“మళ్ళీ మొదటినుంచీ చుట్టాలి. సాయంత్రం రా తమ్ముడూ.”

“పోయినసారి ఎక్కువ చుట్టావు, ఈసారి తక్కువ చుట్టి లెక్క సరిచేయి,” అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన మలుపు తిరిగాక కుడిచేతి బొటనవేలిని, చూపుడువేలిని ఒకదానికొకటి రాసి చూసుకుంది. ఎవరివో వేళ్ళు రాసినట్టుంది.

డాక్టరు పోయిన వారమే చెప్పాడు. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోంది. కోత చిన్నదే, విశ్రాంతే పెద్దది. మూడు నెలలు ఆ చేత్తో పని చేయకూడదు. పోనీలే అని ఈ ఎండాకాలం కూడా లాగిస్తే ఇక ఆ మూడు వేళ్ళకు స్పర్శ తిరిగి రాదు. సోమవారం ఒక ఖాళీ ఉంది. కావాలంటే శనివారం ఆరింటిలోగా ఫోను చేసి చెప్పాలి, లేదంటే మళ్ళీ వానలు మొదలయ్యాకే.

ఇవాళ శనివారం.

ఇంకొకరైతే ఇందులో ఆలోచించడానికేముంది అంటారు. సొంత షాపు, సొంత చేయి, షట్టరు దించితే సరి. ఈమెకు అలా కుదరదు. ఈమె ఒకరి కింద పనిచేస్తోంది. ఆ ఒకరు మహా కచ్చితం మనిషి. ఎండాకాలంలో సెలవంటే మండిపడుతుంది. ఆ ఒకరు కూడా ఈమేనన్నది వేరే సంగతి.

షాపంటే ఒకటే గది. కుడిగోడ పొడవునా రెక్కలు ఊడదీసిన ఫ్యాన్లు, ఎడమగోడకు తీగ చుట్టలు. వార్నిష్ వాసన ఎంత పాతుకుపోయిందంటే, ఇంట్లో ఆమె విప్పిన ఏప్రను తగిలించిన మేకుకు కూడా ఆ వాసనే. వెనకవైపు కిటికీ పక్కన పని బల్ల, దాని ముందు స్టూలు. ముందువైపు గాజుపలక పరిచిన చిన్న టేబులు, దాని వెనక చేతుల కుర్చీ. స్టూలు మీద కూర్చున్నప్పుడు ఆమె వర్కరు. కుర్చీలో కూర్చున్నప్పుడు ఓనరు. ఈ రెండింటికీ మధ్య దూరం నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో మనిషి నడకే మారిపోతుందని ఆమె భర్త అంటుంటాడు.

ఈ ఏర్పాటుకు కారణం మేనమామ. పని నేర్పింది ఆయనే. అంత చక్కటి చేతిపని ఆమె మళ్ళీ ఎక్కడా చూడలేదు. కానీ ఆయనకున్న ఖజానా అంతా ఒక చొక్కా జేబు. ఫ్యాను బాగుచేసిన డబ్బు అందులోకే వచ్చేది, ఇంట్లోకి సబ్బు కొన్న డబ్బు అందులోంచే పోయేది. ఎండాకాలం జేబు ఉబ్బేది. ఉబ్బగానే మామయ్య తనంతటి శ్రీమంతుడు లేడనుకుని పక్కవీధిలో ఒకాయన దగ్గర స్కూటరు కొనేవాడు. చలికాలం ఫ్యాన్ల మొహం చూసేవాళ్ళుండరు. తీగ కొనడానికి డబ్బు లేక అదే స్కూటరు అదే మనిషికి తక్కువకు అమ్మేసేవాడు. మళ్ళీ ఎండలు రాగానే మళ్ళీ అదే స్కూటరు. ఆరేళ్ళలో ఆయన దాన్ని ఐదుసార్లు కొన్నాడు. అవతలి మనిషి ఒక్కసారి కూడా పెట్రోలు పోయించుకోకుండా దానిమీద ఇల్లు గడుపుకున్నాడు.

మామయ్య పోయాక షాపు ఆమె చేతికి వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరు. జేబులో డబ్బుంటే తనకూ స్కూటర్లు కనబడతాయని ఆమె భయం. తనలో ఉన్నది మామయ్య రక్తమే కదా. అందుకని మొదటి శనివారమే ఒక ఒప్పందం చేసుకుంది. షాపు ఓనరుది, తను అందులో జీతానికి పనిచేసే మనిషి. పని ఉన్నా లేకపోయినా వారానికి ఇంత. శనివారం ఆరింటికి రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి. ఆ డబ్బుతోనే ఇల్లు నడవాలి. గల్లాపెట్టె వైపు కన్నెత్తి చూడకూడదు.

ఎండాకాలం రోజుకు పది ఫ్యాన్లు చుట్టినా అదే జీతం. అప్పుడు వర్కరు సణిగేది. చలికాలం రోజంతా పేపరు చదువుతూ కూర్చున్నా అదే జీతం. అప్పుడు ఓనరు సణిగేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇద్దరిలో ఒకరు సణుగుతూనే ఉన్నారు, కానీ జీతం ఒక్క శనివారం కూడా ఆగలేదు. చలికాలం వస్తోందంటే ఆ వీధిలో వ్యాపారం చేసుకునేవాళ్ళకు గుండెల్లో రాయి పడేది. ఆమె మాత్రం తాపీగా ఉండేది.

గోడకు నాలుగు గుడ్డసంచులు వేలాడుతుంటాయి. ఒకటి తీగకూ వార్నిష్‌కూ, ఒకటి అద్దెకు, ఒకటి పన్నుకు, ఒకటి జీతానికి. ఇవన్నీ నిండగా మిగిలింది నెలకోసారి బ్యాంకులో షాపు పేరు మీద వేసేది. ఆ పాసుపుస్తకం ఓనరు సొరుగులో ఉంటుంది. వర్కరు అటు వెళ్ళదు. వర్కరుకు తన జీతంలోంచే కూడబెట్టుకున్న చిన్న మూట ఒకటి ఇంట్లో ఉంది. రాత్రి విప్పి లెక్కపెట్టింది. ఐదు వారాలకు వస్తుంది. డాక్టరు చెప్పినవి పదమూడు.

మధ్యాహ్నం భర్త క్యారేజీ తెచ్చాడు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పూటపని ఆయనది. ఆ డబ్బు ఇంటి అద్దెకు సరిపోతుంది. వంట కూడా ఆయనదే. ఇద్దరూ బయట బల్ల మీద క్యారేజీ విప్పుకున్నారు.

“ఓనరుగారిని అడిగావా?” అన్నాడు.

“అడిగాను.”

“ఏమంది?”

“ఏడాదంతా ఈగలు తోలుకుని, నాలుగు ఫ్యాన్లు వచ్చే వేళకి సెలవా అంది.”

“జీతం లేకుండా ఇమ్మను.”

“దానికీ ఒప్పుకోదు. ఒప్పుకున్నా మన మూట ఐదు వారాలకే వస్తుంది. ఆ తర్వాత?”

“నేనొచ్చి మాట్లాడనా?”

“వర్కర్ల ఇంట్లోవాళ్ళు షాపు విషయాల్లో తలదూర్చకూడదని ఆవిడ రూలు.”

ఆయన నవ్వాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఆటలో ఆయనకూ ఒక పాత్ర ఉంది. జీతం పెంచమన్న ప్రతిసారీ ఓనరు సగమే పెంచితే, ఆ రాత్రి ఆయన ఇంట్లో కూర్చుని ఓనరును తిట్టిపోసేవాడు, ఆమె కూడా గొంతు కలిపేది. ఇవాళ మాత్రం నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

“నిన్న గ్లాసు జారింది. మొన్న గిన్నె. నీళ్ళు తడిగా ఉన్నాయి అందుకే జారిందన్నావు. నీళ్ళు ఏరోజు పొడిగా ఉన్నాయి? నేను చూడట్లేదనుకోకు. ఆ వేళ్ళు పోతే నేను తట్టుకోలేను. అది చెప్పు మీ ఓనరుకి.”

ఆమె చెంచా ఎడమచేతిలోకి మార్చుకుంది.

మూడింటికి ఫారాల మాస్టారు వచ్చాడు. ఆయన అసలు మాస్టారు కాదు. ఏదో ఆఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యాడు, ఇప్పుడు చిన్న షాపులవాళ్ళకు పన్ను ఫారాలు నింపిపెడుతుంటాడు. ఇన్నేళ్ళూ ఆమె ఫారం ఆమే నింపుకునేది, ఒకటే పేజీ. ఈ ఏడు అది నాలుగు పేజీలయింది. ఆయన టేబులు ఫ్యాను ఆమె చుట్టిపెట్టేటట్టు, ఆమె ఫారం ఆయన నింపిపెట్టేటట్టు మాట్లాడుకున్నారు. ఓనరు వ్యవహారం కాబట్టి ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆయన బయటి బల్ల లోపలికి లాక్కున్నాడు.

“మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఎందరమ్మా?”

“ఒకరు.”

“పేరు?”

చెప్పింది. ఆయన రాసుకుని, ఫారం పైభాగం చూసి, మళ్ళీ కింద చూశాడు.

“మీ అమ్మాయికి మీ పేరే పెట్టారా?”

“అమ్మాయి కాదు మాస్టారూ. నేనే.”

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఆమె సంగతంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. వింటూ మధ్యలో రెండుసార్లు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

“ఆలోచన బాగుందమ్మా. కానీ సొంత షాపులో ఓనరుకు జీతం అని రాయడానికి వీల్లేదు. ఈ గడిలో సున్నా వేయాలి. ఈ ఫారం లెక్కన మీకు వర్కరు లేరు.”

“ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తోంది. జ్వరం వచ్చినప్పుడు కూడా నాగా పెట్టలేదు. రిజిస్టరు చూడండి.”

ఆయన చూశాడు. వారానికొక వరుస, వరుసకొక సంతకం. కొట్టివేతలు లేవు. పేజీలు తిప్పుతున్నకొద్దీ ఆయన చేయి నెమ్మదించింది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా ఇంత శుభ్రమైన పుస్తకం చూడలేదని ఆయన తర్వాత పదిమందికి చెప్పాడు. అప్పటికి మాత్రం మెల్లగా, “ఫారంలో లేదమ్మా,” అన్నాడు.

“మరి ఈ వేళ్ళెవరివి?” అని ఆమె చేయి చాపింది. గొంతులో నిజంగానే కోపం ఉంది.

ఆయన పేజీ తిప్పాడు.

“ఇక్కడ యజమాని సొంతానికి తీసుకున్నది ఎంత అని అడుగుతున్నారు.”

“ఓనరా? చిల్లిగవ్వ తీసుకోలేదు.”

“ఈ ఏడాదా?”

“ఎప్పుడూ తీసుకోలేదు.”

“ముప్పై ఒక్క ఏళ్ళూ ఏం తిని బతికిందమ్మా ఆవిడ?”

 వర్కరు ఏం తిన్నదో ఆమెకు తెలుసు. ఓనరు గురించి ఆ ప్రశ్న ఎన్నడూ రాలేదు. ఓనరుకు ఆకలి ఉంటుందని, చలి ఉంటుందని, రిజిస్టరు మూశాక ఆవిడ కూడా ఎక్కడికో ఒక ఇంటికి వెళుతుందని తట్టనేలేదు.

“బ్యాంకు పుస్తకం ఇలా ఇవ్వండి,” అన్నాడు మాస్టారు.

ఆ అంకె ఆమెకు తెలియనిది కాదు. నెలనెలా తనే వేసి, తనే కూడి, కింద గీత గీసింది. కానీ ఎదురింటివాళ్ళ మేడ ఎన్ని అంతస్తులో తెలిసినట్టు తెలుసు, అంతే. అది షాపుది. షాపు ఓనరుది. ఓనరు తన మీద కూర్చుని పెత్తనం చేసే మనిషి. అంతటితో ఆలోచన ఆగిపోయేది.

మాస్టారు చివరి పేజీ చూసి, వారం జీతం ఎంతో అడిగి, ఫారం అంచున చిన్న భాగహారం చేశాడు.

“మూడొందల పన్నెండు వారాలు.”

“ఏమిటవి?”

“మీ వర్కరు ఆరేళ్ళు కాలు మీద కాలేసుకుని కూర్చున్నా ఇందులోంచి జీతం వస్తుంది. పన్ను కట్టేసిన డబ్బు. ఎవరిని అడగాలి మీరు? ఇది మీదేనమ్మా.”

ముందు ఆమెకు నవ్వు వచ్చింది. కడుపు పట్టుకుని, కళ్ళద్దాలు ఒళ్ళో పడేదాకా నవ్వింది. స్కూటరు కొనకుండా ఉండడానికి ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషికి ముప్పై ఒక్క ఏళ్ళు భయపడింది. మామయ్య ఉంటే ఈ కథ వీధి వీధంతా చెప్పుకుని ఊరేగేవాడు. తర్వాత, కళ్ళద్దాలు తుడుచుకునేటప్పుడు ఏడుపు వచ్చింది. ఆవిడను ఎన్ని మాటలంది. పిసినారి అంది, రాతిగుండె అంది. అద్దె పెరిగిన ఏడు అడిగిన పెంపులో ఆవిడ సగమే ఇచ్చిందని ఆ రాత్రి అన్నం ముట్టకుండా పడుకుంది. అప్పుడు కూడా ఆవిడ మిగతా సగం తీసి ఈమె కోసమే దాస్తూ ఉంది. ఎవరూ ఆవిడను ఒక్కసారి మెచ్చుకోలేదు. ఆమెకు ఓనరు మీద, అంటే తన మీదే, మొట్టమొదటిసారి చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

మాస్టారు ఇబ్బందిగా గోడ మీది ఫ్యాన్లు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

“ఆ గడిలో ఏం రాయమంటారు?” అని అడిగాడు.

“చట్టం ఎలా చెప్తే అలా రాయండి. జీతమని నేను తీసుకున్నదంతా ఆవిడ తీసుకున్నట్టే రాయండి. నా రిజిస్టరు మాత్రం నాది.”

ఐదున్నరకు ఆసుపత్రికి ఫోను చేసింది. సోమవారం ఎనిమిదింటికి, పరగడుపున రమ్మన్నారు. ఫోను పెట్టేసి స్టూలు మీదకు వెళ్ళి సెలూన్ ఆయన ఫ్యానుకు చివరి చుట్ట మొదలుపెట్టింది. వేళ్ళు చెప్పడం లేదు కాబట్టి ప్రతి చుట్టూ కళ్ళతో చూస్తూ చుట్టింది. మామూలుకన్నా మూడింతల సమయం పట్టింది. సెలూన్ ఆయన గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బల్బు పెట్టి పరీక్ష చేసి, రెక్కలు బిగించి, మీట నొక్కితే టేబులు మీది కాగితాలన్నీ లేచాయి.

“ఇదేంటక్కా, కస్టమర్ల విగ్గులు ఎగిరిపోతాయి.”

“ఇన్నాళ్ళదీ కలిపి ఇచ్చాను, తీసుకెళ్ళు. వార్నిష్ ఇంకా పచ్చిగా ఉంది, రేపు ఒక పూట ఎండలో పెట్టి అప్పుడు తగిలించుకో. మళ్ళీ కాలితే వెనకసందులో వైండింగు కుర్రాడు ఉన్నాడు, చుడతాడు. నేను కొన్నాళ్ళు ఉండను.”

“ఊరికి వెళుతున్నావా?”

“చేయి బాగుచేయించుకోవడానికి.”

ఆయన ఏదో జోకు వేయబోయి, ఆమె కుడిచేతిని చూసి మానేశాడు. “తొందరగా వచ్చేయి అక్కా. ఆ కుర్రాడికి లెక్కలు రావు,” అన్నాడు. డబ్బు ఇచ్చి, ఫ్యాను భుజాన వేసుకుని వెళ్ళాడు.

ఆరింటికి వర్కరు రిజిస్టరులో సంతకం పెట్టి జీతం తీసుకుంది. తర్వాత ఒక తెల్లకాగితం తీసి స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసింది. అక్షరాలు అటూ ఇటూ తూలాయి. రాసింది మడిచి, టేబులు దగ్గరికి వచ్చి, వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి తొంగిచూసింది. తలుపు పక్కన భర్త తాళంకప్ప పట్టుకుని ఉన్నాడు. ఆయన ఫరవాలేదు. ఖాళీ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, కాగితం గాజుపలక మీద పెట్టింది. అక్కడినుంచి చుట్టూ తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కాగితం విప్పి చదవడం మొదలుపెట్టింది.

“ఏమంటుంది?” అన్నాడు భర్త బయటినుంచి.

“చదువుతోంది.”

చదవడానికి చాలాసేపే పట్టింది. తర్వాత పెన్ను తీసింది. రాసి, లేచి, దీపం ఆర్పి బయటికి వచ్చింది. ఆయన షట్టరు దించాడు. చప్పుడుకు పక్కషాపు ఆయన తలెత్తి చూశాడు. ఇంత వెలుతురుండగా ఆ షట్టరు దిగడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఇద్దరూ వీధి చివరిదాకా మెల్లగా నడిచారు. కుడిచేయి ఆయన పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు తెలియడానికి ఆమె ఆ చేతివైపు చూసుకోవలసి వచ్చింది. చూసుకుంటూనే నడిచింది.

లోపల టేబులు మీద ఆ కాగితం విప్పి ఉంది. దయచేసి మూడు నెలలు సెలవు ఇప్పించవలెను, జీతం లేకపోయినా సర్దుకుంటాను అని వర్కరు రాసిన చోట, ‘లేకపోయినా’ మీద రెండు గీతలు కొట్టి, కింద ఓనరు తన మాట రాసింది: జీతంతోనే. మూడు చాలకపోతే ఇంకో మూడు తీసుకో.